మూలబలం - మితవాదం: డిజ్రేలీ, ట్రోలోప్ నవలల్లో కన్జర్వేటివ్ పార్టీ అంతర్వైరుధ్యం

వ్యాస సంగ్రహం:

సంప్రదాయ పక్షానికి ఓట్లు తెచ్చిపెట్టే వర్గం ఒక దిక్కుకు, ఆ ఓట్లతో అధికారంలోకి వచ్చిన నాయకులు మరొక దిక్కుకు లాగడం పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో కన్జర్వేటివ్ పార్టీని రెండుసార్లు కుదిపింది. 1846లో రాబర్ట్ పీల్ ధాన్యచట్టాలను రద్దు చేసినప్పుడు పార్టీ చీలింది. 1867లో డెర్బీ, డిజ్రేలీలు ఓటుహక్కును విస్తరించినప్పుడు చీలలేదు. బెంజమిన్ డిజ్రేలీ రాసిన ‘కానింగ్స్‌బీ’ (1844), ‘సిబిల్’ (1845), ఆంథొనీ ట్రోలోప్ రాసిన ‘ఫినియస్ రీడక్స్’ (1873-74) నవలలు ఈ ఘర్షణను ఎలా చిత్రించాయో, ఎక్కడ తప్పించుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రాజకీయ నవల, కన్జర్వేటివ్ పార్టీ, మూలబలం, మితవాదం, డిజ్రేలీ, ట్రోలోప్, ధాన్యచట్టాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు నవల తొలినాళ్లలోనే ఆంగ్ల నవలతో సంబంధం ఏర్పరచుకుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’కు గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణ అన్న విషయం సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. అయితే ఆ శతాబ్దపు ఆంగ్ల నవలలో కుటుంబ కథ, సంఘసంస్కరణ కథ తెలుగు విమర్శను ఆకర్షించినంతగా పార్లమెంటు కథ ఆకర్షించలేదు. ఓటుహక్కు లేని వలసదేశపు పాఠకునికి పార్లమెంటులోని ముఠాల గొడవ పరాయి ఇంటి పంచాయితీగా తోచడం సహజమే. ఇప్పటి పాఠకుని స్థితి వేరు. ఎన్నికలు, టిక్కెట్లు, తిరుగుబాటు అభ్యర్థులు, అధిష్ఠానాలు అతని నిత్యానుభవంలో భాగం. కనుక ఆ నవలలను మళ్లీ తెరవడానికి ఇప్పుడు తగిన సందర్భం ఉంది.

ఇక్కడ ఎత్తుకుంటున్న ప్రశ్న పార్టీల మధ్య పోరుకు సంబంధించినది కాదు, ఒకే పార్టీ కడుపులోని పోరుకు సంబంధించినది. మార్పు వద్దని కోరి ఓటు వేసినవారికి, మార్పు తప్పదని గ్రహించిన నాయకుడు ఏమి బాకీ పడతాడు? మాట తప్పినవాడు ద్రోహి అవుతాడా, దూరదృష్టి కలవాడు అవుతాడా? రాజకీయ చరిత్రకారులు దీనికి చాలా సమాధానాలు చెప్పారు. నవలాకారులు చెప్పినవి వాటికంటే ఆసక్తికరమైనవి. వారిలో ఒకరు ఆ పోరులో కత్తి పట్టినవాడు కావడం అందుకు ముఖ్య కారణం.

2. పరిభాష

‘మితవాది’ అనే మాట తెలుగులో ఇబ్బంది పెడుతుంది. జాతీయోద్యమ చరిత్రలో గోఖలే వంటివారు మితవాదులు, తిలక్ వంటివారు అతివాదులు. అక్కడ మితం అంటే పద్ధతిలో సంయమనం. తరువాతి కాలపు పత్రికాభాషలో వామపక్షానికి ఎదురుగా నిలిచేవారిని కూడా మితవాదులు అనడం అలవాటైంది. ఈ రెండో అర్థం తీసుకుంటే కన్జర్వేటివ్ పార్టీ వారందరూ మితవాదులే అవుతారు, చర్చ మొదలుకాకుండానే ముగుస్తుంది. ఈ వ్యాసంలో మొదటి అర్థమే గ్రాహ్యం.

పార్టీని మోసే వర్గానికి ‘పునాది’, ‘శ్రేణులు’ వంటి మాటలు వాడుకలో ఉన్నాయి. వాటికంటే ‘మూలబలం’ ఇక్కడ బాగా నప్పుతుంది. రామాయణ కథలో రావణుడు చివరిదాకా దాచుకొన్న సొంత సైన్యం మూలబలం. అది రాజు కోసం పోరాడుతుందే గాని ఆ యుద్ధం దేనికో రాజును అడగదు. సంప్రదాయ పక్షాల నాయకులు తమ ఓటర్లను తరచు ఇలాగే ఊహించుకొంటారు. ఆ ఊహ తప్పని తేలిన రోజున సంక్షోభం పుడుతుంది.

3. 1846: చరిత్ర చేసిన పని

1834 డిసెంబరులో పీల్ ప్రకటించిన టామ్‌వర్త్ మేనిఫెస్టో 1832 నాటి సంస్కరణ చట్టాన్ని తిరుగులేనిదిగా అంగీకరించింది. నిజమైన లోపాలను సరిదిద్దుతూ వ్యవస్థను కాపాడటం అందులోని సారం. పట్టణాల మధ్యతరగతిని మచ్చిక చేసుకొనే మార్గంగా పీల్ దీనిని భావించాడు. కాని 1841 ఎన్నికలలో పార్టీకి స్పష్టమైన ఆధిక్యం తెచ్చినవి ప్రధానంగా గ్రామీణ కౌంటీలు, చిన్న పట్టణాలు. అక్కడి భూస్వాములకు, వారి కౌలురైతులకు కావలసినది ఒక్కటే: విదేశీ ధాన్యంపై సుంకం నిలవాలి. అంటే పీల్ ఒక వర్గం కోసం కార్యక్రమం రాసుకొని మరొక వర్గం ఓట్లతో గద్దెనెక్కాడు. తరువాత జరిగినదంతా ఈ పొంతనలేనితనం ఫలితమే.

1842లో పీల్ సుంకాలు తగ్గించగానే బకింగ్‌హామ్ డ్యూక్ మంత్రివర్గం నుంచి తప్పుకొన్నాడు. 1845లో ఐర్లండ్‌లోని మేనూత్ క్యాథలిక్ విద్యాలయానికి ఇచ్చే వార్షిక గ్రాంటును దాదాపు 9,000 పౌండ్ల నుంచి 26,000 పౌండ్లకు పెంచినప్పుడు మతం పేరిట మరొక గాయం తగిలింది. ఆ ఏడాది శరదృతువులో ఐర్లండ్ బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. కరువు ముంచుకొస్తుండగా ధాన్యంపై సుంకం నిలపడం అసాధ్యమని పీల్ నిశ్చయించుకొన్నాడు. 1846 మే 15న కామన్స్ సభ 327-229 ఓట్లతో రద్దు బిల్లును ఆమోదించింది. ఆ ఆధిక్యం ప్రతిపక్షం చలవ. పీల్ సొంత సభ్యులలో అత్యధికులు ఎదురు ఓటు వేశారు. జూన్ 25న ప్రభువుల సభ బిల్లును గట్టెక్కించిన రాత్రే కామన్స్ సభలో ఐర్లండ్ అణచివేత బిల్లుపై పీల్ ప్రభుత్వం 73 ఓట్ల తేడాతో ఓడింది. ఆ తరువాత 1874 దాకా కన్జర్వేటివ్‌లకు కామన్స్‌లో సొంత ఆధిక్యం దక్కలేదు.

ఈ తిరుగుబాటుకు హోదా ఇచ్చినవాడు లార్డ్ జార్జ్ బెంటింక్, మాట ఇచ్చినవాడు డిజ్రేలీ. డిజ్రేలీ 1841లో పీల్‌కు లేఖ రాసి పదవి కోరాడు, దక్కలేదు. 1846 చర్చలో ఆ సంగతి పీల్ పరోక్షంగా ఎత్తిచూపితే తాను ఎన్నడూ పదవి అడగలేదని సభలోనే అన్నాడు. పీల్ ఆ లేఖను బయటపెట్టలేదు. రచయిత జీవితంతో రచనను కొలవడం విమర్శకు ఎప్పుడూ శ్రేయస్కరం కాదు. అయినా సూత్రబద్ధతే ఇతివృత్తంగా నవలలు రాసినవాని విషయంలో ఈ వివరాన్ని పక్కనపెట్టడం కూడా కష్టమే.

4. కానింగ్స్‌బీ: తాతను కాదన్న మనుమడు

‘కానింగ్స్‌బీ’ తిరుగుబాటుకు రెండేళ్ల ముందు వచ్చింది. టామ్‌వర్త్ మేనిఫెస్టోపై ఆ నవలలోని కథకుడు చేసే విమర్శ ప్రసిద్ధం. సిద్ధాంతం లేకుండా పార్టీ కట్టాలనుకొన్న ప్రయత్నంగా ఆయన దానిని తీసిపారేస్తాడు. టాడ్‌పోల్, టేపర్ అనే ఇద్దరు పార్టీ కార్యకర్తలు ఆ విమర్శకు మూర్తరూపాలు. ఒకడి పేరుకు కప్పపిల్ల అని, మరొకడి పేరుకు సన్నని కొవ్వొత్తి అని అర్థం. మనుషులు మనవాళ్లు, పనులు ఎదుటిపక్షానివి అయితే అదే పటిష్ఠమైన కన్జర్వేటివ్ ప్రభుత్వమని వారు నిర్వచించుకొంటారు. మితవాద రాజకీయంపై ఇంతకన్నా పదునైన ఎత్తిపొడుపు ఆ కాలపు నవలలో అరుదు. ఇది చదివిన కౌంటీ భూస్వామి తన పక్షాన ఒక గొంతు లేచిందనుకొని ఉంటాడు.

కథలోకి దిగితే పరిస్థితి మారిపోతుంది. కథానాయకుడు హ్యారీ కానింగ్స్‌బీ లార్డ్ మన్‌మత్ మనుమడు. మన్‌మత్ పాత టోరీ ప్రభువు. నియోజకవర్గాలను ఆస్తిలో భాగంగా చూస్తాడు. అతని పనులు చక్కబెట్టే రిగ్బీ, పాత టోరీయిజం ఎంత బోలుగా ఉందో చూపడానికే పుట్టిన పాత్ర. డార్ల్‌ఫర్డ్‌లో తన తరఫున నిలబడమని తాత ఆజ్ఞాపిస్తే కానింగ్స్‌బీ కాదంటాడు. అక్కడి ప్రత్యర్థి మిల్‌బ్యాంక్ మిల్లు యజమాని, కానింగ్స్‌బీ ప్రేమించిన ఎడిత్‌కు తండ్రి. ధిక్కారానికి శిక్షగా ఆస్తి చేజారుతుంది. చివరకు మిల్‌బ్యాంక్ తానే తప్పుకొని కానింగ్స్‌బీని నిలబెడతాడు, రిగ్బీ ఓడిపోతాడు, ఎడిత్‌తో పెళ్లి జరుగుతుంది. తాత సంపద దక్కిన ఫ్లోరా మరణిస్తూ దానిని తిరిగి కానింగ్స్‌బీకే ఇస్తుంది.

ఇక్కడి చిక్కును గమనించాలి. మూలబలాన్ని విడిచిపెట్టాడని పీల్‌ను దుయ్యబట్టిన నవల, ఆ మూలబలానికి అధిపతి అయిన తాతను ధిక్కరించినవాణ్ణే నాయకునిగా నిలిపింది. కానింగ్స్‌బీ చేసిన పని సారంలో పీల్ చేసిన పనే. భూస్వామి వర్గం ఆదేశాన్ని తోసిపుచ్చి పారిశ్రామిక వర్గంతో చేయి కలిపాడు. తేడా ఎక్కడుందంటే పీల్ ఆ పనిని పరిపాలన లెక్కలతో సమర్థించుకొన్నాడు, కానింగ్స్‌బీ యౌవనం, ఆదర్శం, ప్రేమ అనే మాటలతో సమర్థించుకొన్నాడు. నవల మొదటిదానిని అవకాశవాదం అంటుంది, రెండోదానిని పునరుజ్జీవనం అంటుంది. వ్యాఖ్యానం తీసివేసి కథను మాత్రమే చదివితే ‘కానింగ్స్‌బీ’ పీల్ పక్షపు నవల. డిజ్రేలీ వ్యాఖ్యాతగా చెప్పినదానికీ కథకునిగా చేసినదానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని లోపంగా కొట్టివేయనక్కర లేదు. నవల బతికి ఉన్నది అక్కడే.

చరిత్ర ఈ కథను రెండేళ్లలో మరొక విధంగా రాసింది. న్యూకాజిల్ నాలుగో డ్యూక్ కరడుగట్టిన సంరక్షణవాది. ఆయన కుమారుడు లార్డ్ లింకన్ పీల్ అనుచరుడు. 1846 ఫిబ్రవరిలో లింకన్ ఐర్లండ్ ప్రధాన కార్యదర్శిగా నియమితుడై, నాటి నియమం ప్రకారం తన దక్షిణ నాటింగ్‌హామ్‌షైర్ స్థానం నుంచి తిరిగి ఎన్నిక కావలసి వచ్చింది. తండ్రి బహిరంగంగా కొడుకుకు వ్యతిరేకంగా నిలిచాడు, కొడుకు ఓడిపోయాడు. ఆ డ్యూక్ పలుకుబడి కిందనే ఉన్న నెవార్క్ స్థానాన్ని గ్లాడ్‌స్టన్ వదులుకొన్నాడు. వలసరాజ్యాల మంత్రిగా పనిచేసిన ఆ నెలలన్నీ పార్లమెంటులో ఆయనకు స్థానమే లేదు. లింకన్ కొద్దికాలానికే స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ నుంచి సభకు వచ్చాడు. నవలలో తాతను కాదన్న మనుమడికి మామగారు నియోజకవర్గం ఇచ్చాడు, పిల్లనిచ్చాడు, విధి ఆస్తి కూడా తెచ్చి ఇచ్చింది. నాటింగ్‌హామ్‌షైర్‌లో తండ్రిని కాదన్న కొడుక్కి దక్కినది ఓటమి. మూలబలాన్ని ఎదిరించడానికి వెల ఉంటుందని ‘కానింగ్స్‌బీ’ ఒప్పుకొంటుంది గాని ఆ వెలను చివరి అధ్యాయాల్లో వడ్డీతో సహా తిరిగి ఇప్పించేస్తుంది.

5. ఫినియస్ రీడక్స్: మంత్రాంగం తెలిసినవాని చేతిలో

1867లో డెర్బీ ప్రధానిగా, డిజ్రేలీ కామన్స్ నాయకునిగా తెచ్చిన రెండో సంస్కరణ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఓటర్ల సంఖ్యను సుమారు రెట్టింపు చేసింది. అంతకు ముందటి ఏడాది ఇంతకన్నా స్వల్పమైన లిబరల్ బిల్లును ఓడించినదీ ఈ పార్టీయే. మార్చిలో ముగ్గురు మంత్రులు రాజీనామా చేశారు. వారు క్రాన్‌బోర్న్, కార్నార్వాన్, జనరల్ జొనాథన్ పీల్. మూడోవాడు రాబర్ట్ పీల్‌కు స్వయానా తమ్ముడు. అన్న చేసిన పని వంటిదే ఆ అన్నను కూలదోసినవాడు చేస్తుంటే తమ్ముడు లేచిపోయాడు. నవలాకారుడు కల్పిస్తే అతికినట్టుందని పాఠకుడు నవ్వే యోగాయోగం ఇది. తరువాతి కాలంలో సాలిస్‌బరీగా ప్రధాని పదవి చేపట్టిన క్రాన్‌బోర్న్, అదే ఏడాది అక్టోబరులో ‘క్వార్టర్లీ రివ్యూ’లో ఈ వ్యవహారాన్ని లొంగుబాటుగా వర్ణిస్తూ వ్యాసం రాశాడు. అయినా పార్టీ చీలలేదు. 1846కూ 1867కూ ఉన్న ఈ తేడాను అర్థం చేసుకోవడానికి ట్రోలోప్ బాగా ఉపకరిస్తాడు.

ట్రోలోప్ లిబరల్. 1868లో బెవర్లీ పట్టణం నుంచి పోటీ చేసి నలుగురిలో చివరివాడయ్యాడు. లంచాల విచారణ తరువాత ఆ పట్టణం ప్రాతినిధ్యాన్నే కోల్పోయింది. ఈ చేదు ‘రాల్ఫ్ ది ఎయిర్’ నవలలోకి నేరుగా, ‘ఫినియస్ రీడక్స్’లోకి చుట్టుదారిలో ప్రవేశించింది. ‘ది గ్రాఫిక్’ వారపత్రికలో 1873-74లో ధారావాహికగా వచ్చిన ఈ రెండో నవలలో కన్జర్వేటివ్ ప్రధాని డాబెనీ డిజ్రేలీకి నీడ. ఎన్నికలలో వెనుకబడి పదవి పోయే స్థితిలో ఉన్న డాబెనీ, ఇంగ్లండ్ చర్చిని రాజ్యం నుంచి విడదీస్తానని ప్రకటిస్తాడు. కన్జర్వేటివ్ పార్టీకి చర్చి ఎటువంటిదో తెలిసినవారికి ఈ ఊహలోని వ్యంగ్యం వెంటనే బోధపడుతుంది. ఆలయ ధర్మకర్తే మూలవిరాట్టును వేలానికి పెట్టినట్టు.

తమాషా ఏమిటంటే చర్చి విభజన కోరవలసిన లిబరల్‌లు దానిని డాబెనీ చేతుల మీదుగా రానివ్వమని ఎదురు తిరుగుతారు. కోరవలసినవారు వ్యతిరేకిస్తారు, వ్యతిరేకించవలసినవారు గొణుక్కొంటూ నాయకుని వెంట నడుస్తారు. డిజ్రేలీ నవలలో టాడ్‌పోల్, టేపర్‌లు చెప్పిన సూత్రం ముప్పై ఏళ్ల తరువాత ట్రోలోప్ చేతిలో మొత్తం కథావస్తువైంది. ఆ సూత్రాన్ని ఎగతాళి చేసినవాడే దానికి నమూనా కావడం ట్రోలోప్‌కు తెలియక జరిగినది కాదు.

1867లో పార్టీ ఎందుకు చీలలేదన్న ప్రశ్నకు నవల ఇచ్చే సమాధానం సిద్ధాంతంలో దొరకదు, డాబెనీ నడవడిలో దొరుకుతుంది. పీల్ తన మూలబలానికి వారి నమ్మకం తప్పని చెప్పాడు. డాబెనీ అటువంటి మాట ఎన్నడూ అనడు. తాను చేస్తున్నది చర్చిని కాపాడటానికేనని, ఎలాగూ రానున్న ప్రమాదాన్ని మిత్రుల చేత జరిపిస్తే నష్టం తగ్గుతుందని ధ్వనింపజేస్తాడు. అనుచరులకు తమ నమ్మకం మార్చుకోవలసిన అవసరం రాదు, ఓటు ఒక్కటి వేస్తే చాలు. లోపల అయిష్టం, బయట విధేయత. ఈ స్థితిని ట్రోలోప్ అపహాస్యం చేసినా, లోతుగా పట్టుకొన్నాడు. మూలబలం మార్పుకు లొంగుతుంది గాని తనకు పాఠం చెప్పేవానికి లొంగదు. పీల్ చేసిన తప్పు ధాన్యచట్టాల రద్దు కంటే కూడా ఆ రద్దును వివరించిన తీరులో ఉందన్న ఆలోచనకు ఈ నవల దారి తీస్తుంది. ఇది పీల్‌కు పూర్తిగా న్యాయం చేసే ఆలోచన కాదు. దాపరికం లేకుండా చెప్పడాన్ని తప్పుగా లెక్కించే రాజకీయం ఎంతటిదో ట్రోలోప్‌కు తెలుసు. అందుకే డాబెనీ నేర్పుకు ఆయన మెచ్చుకోలు ఉంది, గౌరవం లేదు.

6. రైతుల రాయబారం

ఇంతవరకు చెప్పిన ప్రభువులు, మంత్రులు, కార్యకర్తలు మూలబలానికి ప్రతినిధులే గాని మూలబలం కాదు. 1832 చట్టం ఏటా 50 పౌండ్లు చెల్లించే కౌలురైతుకు కౌంటీలలో ఓటు ఇచ్చింది. 1872 దాకా రహస్య ఓటు లేదు కనుక ఆ రైతు ఎవరికి ఓటు వేసిందీ భూస్వామికి తెలిసేది. ఈ రైతు నవలల్లో ఎలా కనిపిస్తాడు?

‘సిబిల్’లో ఒక ఘట్టం దీనికి సమాధానం. డౌనింగ్ వీథిలోని ఒక పెద్దమనిషి, అంటే పేరు చెప్పని ప్రధాని, హోక్సెమ్ అనే అధికారికి రెండు రాయబారాలను ఎలా ఎదుర్కోవాలో నేర్పుతాడు. ధరలు పడిపోతాయన్న భయంతో రైతులు వస్తున్నారు. సుంకాల తగ్గింపు వల్ల ధరలు పడవని వారికి నచ్చజెప్పాలి. తరువాత వస్తువుల ఉత్పత్తిదారులు వస్తారు. ధరలు తగ్గాయని వారికి రుజువు చేయాలి. రెండుచోట్లా దాపరికం లేకుండా మాట్లాడుతున్నట్టు కనిపించాలి. పీల్ ద్వంద్వవైఖరిపై ఇది గొప్ప వ్యంగ్యం. కాని ఘట్టం అక్కడే ఆగిపోతుంది. రైతుల రాయబారం గదిలోకి రావడం, హోక్సెమ్ చెప్పినది వినడం, నమ్మడమో నమ్మకపోవడమో నవలలో ఎక్కడా లేవు. రైతులను మాటలతో మభ్యపెడుతున్నాడని పీల్‌ను నిందించే రచయిత, ఆ రైతులకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

ట్రోలోప్ ఒక అడుగు ముందుకు వేశాడు. తూర్పు బార్సెట్‌షైర్‌లో డాబెనీ ప్రసంగం వినే రైతులను ఆయన సభలో కూర్చోబెట్టాడు. వారు వాదం కంటే వాక్యాల నాదాన్ని ఆస్వాదిస్తారు. తమ చర్చికి ఎసరు పెడుతున్న ప్రసంగానికి హర్షధ్వానాలు చేసి ఇంటికి పోతారు. దాని అర్థం పత్రికలు విడమరచి చెప్పవలసి వస్తుంది. పద్యనాటకాల్లో భావం పట్టకపోయినా రాగానికి ‘వన్స్‌మోర్’ కొట్టిన ప్రేక్షకులు తెలుగువారికి కొత్తకాదు. టాంకర్‌విల్‌లో బ్రౌబరో కథ కూడా ఇటువంటిదే. ఏళ్లుగా సభలో ఉండి అరుదుగా నోరు విప్పి, పార్టీ చెప్పినట్టు ఓటు వేసిన ఈ మనిషి, చర్చి రక్షణ పేరుతో ఫినియస్‌పై గెలిచి, లంచాల కారణంగా స్థానం పోగొట్టుకొంటాడు. తరువాత నేరవిచారణలో నిర్దోషిగా బయటపడతాడు. పార్టీ శ్రేణిలోని సాధారణ సభ్యునికి పందొమ్మిదో శతాబ్దపు నవల ఇచ్చిన చిత్రాలలో ఇంత నిజాయితీ గలది మరొకటి అరుదు. అయినా ఇక్కడ కూడా ఓటరు వింటాడు, చప్పట్లు కొడతాడు, డబ్బు పుచ్చుకొంటాడు. ప్రశ్న మాత్రం అడగడు.

ఇక్కడ గురజాడ ‘కన్యాశుల్కం’ గుర్తుకు రాకమానదు. నేషనల్ కాంగ్రెసు గురించి గిరీశం గంటల తరబడి ఉపన్యసిస్తే, బండివాడు తమ ఊరి హెడ్‌కానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడుగుతాడు. కన్జర్వేటివ్ పార్టీకీ ఈ బండికీ చారిత్రక సంబంధం ఏమీ లేదు. గిరీశం ఆ ప్రశ్నను బండివాని అజ్ఞానానికి నిదర్శనంగానే చెబుతాడు. కాని నాటకం చూసేవానికి బండివాడు తెలివితక్కువవాడుగా కనిపించడు. ఉపన్యాసం తన బతుకును ఎక్కడ తాకుతుందో అతడు తేల్చుకోదలచాడు. మూలబలం నోరు విప్పితే వినిపించే ప్రశ్న అటువంటిది. డిజ్రేలీ మూడు వందల పుటల్లోనూ, ట్రోలోప్ అంతకు రెట్టింపు పుటల్లోనూ ఇవ్వని అవకాశాన్ని గురజాడ ఒక్క వాక్యంలో బండివానికి ఇచ్చాడు.

‘సిబిల్’ అచ్చయిన రెండేళ్లకు డిజ్రేలీ వ్యవసాయ కౌంటీ అయిన బకింగ్‌హామ్‌షైర్ నుంచి ఎన్నికై 1876 దాకా దానికే ప్రాతినిధ్యం వహించాడు. 1852లో ఆర్థికమంత్రి అయ్యేనాటికి ధాన్యసుంకాలను తిరిగి తెచ్చే ఆలోచనను పార్టీ చేత విడిపించే పనిలో ఉన్నాడు. ఆ డిసెంబరు బడ్జెట్‌లో రైతుల నష్టానికి పరిహారంగా మాల్ట్ పన్నును సగానికి తగ్గించజూపాడు. బడ్జెట్ ఓడిపోయింది, ప్రభుత్వం పడిపోయింది. రైతులకు సుంకమూ తిరిగి రాలేదు, పన్నూ తగ్గలేదు. దానిపై గ్లాడ్‌స్టన్ చేసిన ఖండన చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఆ వార్త విన్న బకింగ్‌హామ్‌షైర్ కౌలురైతు తన ప్రతినిధిని ఏమని అడిగాడో ఏ నవలలోనూ లేదు.